రోమ్ మొక్కు

తలుపు తీసిన రూపశ్రీ, గుమ్మంలో నిలబడిన గుండును చూసి ఎవరో ఇల్లు తప్పి వచ్చారనుకుంది. గంధం పూసిన ఆ గుండు కింద నవ్వుతున్నది తన మొగుడు మునిప్రసాదేనని తెలిశాక ఒళ్ళు మండిపోయింది.

“పాస్‌పోర్టు తెస్తానని నిన్న పొద్దున తిరపతికి పోయిన మనిషి, ఈ పొద్దు గుండుతో వస్తారా? ఫోనెందుకు ఆపేసినారు?”

“కొండమీద ఫోను లోపలికి పోనీయరు గదా రూపా. బయటికొచ్చి చూస్తే చార్జింగు లేదు.”

“కొండకు పోతా ఉండానని ఒక్క మాట చెప్పడానికేం? యాడన్నా బస్సు కింద పడినారేమోనని రాత్రంతా చస్తిని!”

“అనుకోకుండా పోయినా. మొక్కు ఉండింది.”

“మొక్కా! శనివారం నా విమానం. సర్దుకునేది సర్దుకోనేలేదు. చలికోటు ఇంకా కొననేలేదు. మీకిప్పుడా మొక్కులు?”

చిత్తూరు మిషన్ స్కూల్లో రూపశ్రీ సోషల్ టీచరు. ఏటా పిల్లలకు రోమ్ నగరం గురించి గొంతు చించుకుని చెబుతుంది. కొలోసియం ఆమెకు పాఠ్యపుస్తకంలో బొమ్మే తప్ప కంటితో చూసింది కాదు. ఈ క్రిస్మస్ సెలవులకు తోటి టీచరు స్టెల్లా తోడు దొరికింది కాబట్టి, పోతే ఈ ఏడే, లేకుంటే లేదు అనుకుంది. మునిప్రసాద్ కూడా “పోయిరా, నాదేముండాది” అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి స్టాఫ్‌రూములో ఆయన్ని పొగడని టీచరు లేదు. తాను లేకుండా పెళ్ళాన్ని రోమ్‌కు పంపే మొగుడు మరి!

“ఇంతకీ ఏం మొక్కు?” అంది, ఇంకా గుమ్మానికి అడ్డంగానే నిలబడి.

“నీ రోమ్ ప్రయాణం సంగతే.”

“నా ప్రయాణమా?”

“ఊ. నువ్వు వీసా అప్లికేషన్ పెట్టినప్పటి నుంచి స్వామికి అదే చెప్పుకుంటా ఉండా. నిన్న పొద్దున ఏజెంటు నవాబ్ ఆఫీసులో కూర్చునుండంగానే తెలిసింది. అట్నుంచి అటే కొండెక్కినా.”

రూపశ్రీ గొంతు రెండింతలు లేచింది. “తెలిసిందా? నిన్న పొద్దున తెలిస్తే ఈ పొద్దు చెబుతారా? ఈడ నేను గోళ్ళు కొరుక్కుంటా కూర్చునుంటే, నాకంటే ముందు స్వామికి పోయి చెప్పుకుంటారా? పాస్‌పోర్టు ఏది?”

“నవాబ్ దగ్గరే పెట్టినా. ఆ క్యూలో దాన్ని యాడ పెట్టుకునేది? మళ్ళా తెచ్చుకోవచ్చులే, తొందరేముండాది?”

“తొందరేముండాదా!”

“ముందు ప్రసాదం తిను,” అని లడ్డూ ఆమె చేతిలో పెట్టి, మునిప్రసాద్ పక్కగా దూరి స్నానానికి పోయాడు.

రూపశ్రీ లడ్డూ కళ్ళకద్దుకుంది. కోపం దిగలేదు గానీ దాని పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది. మీసం కూడా ఇచ్చేశాడు పిచ్చి మనిషి. పెళ్ళిలో ఫొటో తీసే ప్రతిసారీ అద్దం చూసుకుని దువ్వుకున్న మీసం అది. ఎవరి కోసం ఇచ్చాడు? తన కోసమే గదా! అంతలేసి మాటలు అన్నందుకు సిగ్గేసింది. కళ్ళు తుడుచుకుని, తిరుపతిలో వీసా పనులు చూసే ఏజెంటు నవాబ్‌కు ఫోను చేసింది.

“నవాబ్, నీ మేలు మర్చిపోనప్పా. నా పాస్‌పోర్టు భద్రంగా పెట్టు. సాయంత్రం నేనే వచ్చి తీసుకుంటా.”

“సారీ మేడమ్. నా చేతిలో ఉంటే ఇట్ల కానిచ్చేవాణ్ణి కాదు.”

“ఎందుకు సారీ?”

“సార్ చెప్పలేదా మేడమ్? స్టెల్లా మేడమ్‌కు వీసా వచ్చింది. మీది రిజెక్ట్ అయిపోయింది. మీరు తిరిగొస్తారని ఎంబసీ వాళ్ళకు నమ్మకం కుదరలేదంట. నిన్న పొద్దన్నే సార్‌కు చెప్పినాను గదా.”

“ఏమయ్యా, ఎవరి పాస్‌పోర్టు చూసి ఎవరికి చెబుతా ఉండావు? కళ్ళు తెరిచి చూడు!”

“మీ పాస్‌పోర్టు నా ముందరే ఉండాది మేడమ్. వీసా లేదు. నేను బాధపడతా ఉంటే సారే నన్ను ఓదార్చి, టీ తాపించి పోయినారు.”

రూపశ్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. అంతసేపూ మొగుడి మీద చూపించిన కోపమంతా ఇప్పుడు నవాబ్ మీదికి మళ్ళింది.

“చాల్లే ఆపు! నీకు పని చేతగాక నా కొంప ముంచి, మధ్యలో మా ఆయన పేరెందుకు తెస్తావు? ఆయన నీ ఆఫీసు నుంచి నేరుగా కొండకు పోయి గుండు కొట్టించుకొని వచ్చినాడు. మీసం కూడా ఇచ్చినాడు, తెలుసునా? వీసా రాకపోతే మొక్కెందుకు చెల్లిస్తాడు? కోరిన కోరిక తీరకుండా స్వామికి గుండు ఇచ్చే మనిషిని ఈ జిల్లాలో ఒక్కణ్ణి చూపించు నాకు, చూపించు...”

మాట అక్కడే ఆగిపోయింది. ఫోనులో నవాబ్ “మేడమ్, మేడమ్” అంటూనే ఉన్నాడు.

మునిప్రసాద్ తువ్వాలుతో గుండు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. “ఆకలవతా ఉండాది రూపా. టిఫినేం చేసినావు?”

రూపశ్రీ ఫోను కింద పెట్టింది. సగం తిన్న లడ్డూ దాని పక్కన పెట్టింది. వచ్చి మొగుడికి ఎదురుగా నిలబడింది.

“అయితే నువ్వు మొక్కుకునింది, నేను పోకూడదనా?”