తలకు తుడిచిన సిరా

సముద్రం వైపున్న ఇంటిని సమాధానం అనే చిన్నకొడుకు పేర రాయించి, తల్లి ఆ దస్తావేజు మీద వేలిముద్ర వేసింది. రిజిస్ట్రారు ముందుకు వెళ్లి ఆ ముద్ర తనదేనని ఒప్పుకొనేలోగానే పోయింది. ఇప్పుడా మాట కొడుకులిద్దరూ చెప్పాలి. పెద్దవాడు టైటస్ కాదంటే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది.

ఆ రాత్రి టైటస్ ఆ ఇంట్లో ఒక్కడే పడుకున్నాడు. తమ్ముడు ఫోన్ చేశాడు.

"రేపు ఆఫీసుకు వస్తావు కదన్నా?"

"వస్తాలేరా. అమ్మ ముద్దుల కొడుకువి, నీకేం దిగులు?"

"ఆ రోజు నువ్వుండాల్సిందన్నా. ముద్ర వేసినాక గుడ్డ ఇస్తే వద్దనింది. వేలికున్న సిరా నా తలకే తుడిచేసింది."

టైటస్ ఫోన్ పెట్టేశాడు. ఆఖరికి ఆ సిరా కూడా వాడికేనా? చిన్నప్పటినుంచీ అమ్మ చెయ్యి వాడి తలమీదే ఉండేది. రేపు ఆ ముద్ర అమ్మది కానే కాదని చెప్పేస్తానని నిశ్చయించుకుని లైటు ఆర్పాడు.

కాసేపటికి అలల హోరు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో చాప పక్కన మోకాలు టక్కుమంది. కింద కూర్చునేటప్పుడల్లా అమ్మ మోకాలు అలాగే చప్పుడు చేసేది.

ఒక బొటనవేలు అతని జుట్టులోకి మెల్లగా దిగి, నిదానంగా తుడవసాగింది. చల్లటి తడి నుదుటి మీదికి జారింది. సిరా వాసన వేసింది.

స్విచ్ వైపు చెయ్యి చాపాడు. మళ్లీ ఆ చేతిని వెనక్కి తీసుకున్నాడు. వెలుగు పడితే ఆ వేలు ఆగిపోతుందేమో.