పాటలో ఉన్న పేరు

నాకు అన్నిటికంటే పెద్ద భయం, ఒక పాటకి జవాబుగా వచ్చిన తూటా నా బిడ్డకి తగులుతుందేమోనని.

బిడ్డ పేరు కైరో. పద్నాలుగు నెలలు. వాడి నాన్న డెవాంటే ర్యాప్ పాడతాడు. మా బ్రాంక్స్‌లో అవెన్యూకి ఇవతలి వాళ్ళంతా అతని వైపు. అవతలి వాళ్ళంతా రికో అనే ఇంకో పాటగాడి వైపు.

మొదట రికో ఒక పాటలో డెవాంటే బూట్లని వెక్కిరించాడు. ఇతను వాడి పళ్ళని వెక్కిరించాడు. వాడు నన్ను తిట్టాడు. అంతవరకూ అందరం నవ్వుకున్నాం.

తర్వాత రికో జట్టులోని ట్రేవ్ అనే పందొమ్మిదేళ్ళవాడు కాల్పుల్లో పోయాడు. ఎవరు కాల్చారో తెలీదు. డెవాంటే మాత్రం కాదు. పాట మాత్రం డెవాంటేనే కట్టాడు.

పగవాడు పోతే వాణ్ణి చుట్టలా చుట్టి తాగేశామని పాడుకోవడం మా దగ్గర రివాజు. "ట్రేవ్‌ని చుట్టాను, ట్రేవ్‌ని ముట్టించాను" అని పల్లవి. వారంలో పది లక్షల మంది విన్నారు. పార్కులో పిల్లలు తాడు దూకుతూ అదే పాడారు.

జూన్‌లో మా భవనం ముందున్న బెంచీ మీదకి ఓ పెద్దావిడ రావడం మొదలుపెట్టింది. పేరు ఓడెల్ అంది. పెద్దవాళ్ళని ఉత్త పేరుతో పిలిస్తే మా అమ్మమ్మ మూతి పగలగొట్టేది కాబట్టి, నాకు మిస్ ఓడెల్ అయింది.

"మీరుండేది ఎక్కడండీ?"

"అటు" అని గాలిలో ఎటో చూపించింది. "ఇక్కడ ఎండ బావుంటుంది తల్లీ."

"ఎండ అందరికీ ఒకటేగా!"

"మా ఇంట్లోకి రావడం మానేసిందిలే."

కైరోని ఒళ్ళో కూచోబెట్టుకుని, నారింజ తొనలకి పీచు తీసి ఒక్కొక్కటే నోట్లో పెట్టేది. డెవాంటే కిందికి దిగి పక్కనే నిలబడి ఫోన్లో తన పాట గట్టిగా పెట్టుకునేవాడు. కైరో చప్పట్లు కొట్టేవాడు. ఆవిడ తలెత్తేది కాదు.

ఒకరోజు అడిగింది.

"ఆ పేరెవరిది బాబూ?"

"ఎవడో వెధవదిలెండి. పోయాడు."

"ఆ ఒక్క పేరూ తీసేస్తే పాట నిలబడదా?"

డెవాంటే పగలబడి నవ్వాడు. "ఉప్పు లేని చేపల వేపుడు తింటారా మిస్ ఓడెల్?"

"డాక్టరు అదే తినమన్నాడు. తింటున్నాగా" అంది.

నేనూ నవ్వాను. ఆవిడా నవ్వింది.

జూలైలో ఒకరోజు మేమంతా బెంచీ దగ్గరుండగా ఓ నల్ల కారు మా వీధిలోకి మెల్లగా తిరిగింది. అద్దం దిగింది. లోపల రికో మనుషులు.

మిస్ ఓడెల్ కైరోని నా చేతికిచ్చి, లేచి వెళ్ళి డెవాంటే ముందు నిలబడింది. కారు వైపు అరచెయ్యి ఎత్తింది.

అద్దం పైకెళ్ళింది. కారు వెళ్ళిపోయింది.

"వాళ్ళు నీకెలా తెలుసు?" అన్నాడు డెవాంటే.

ఆవిడ వెనక్కొచ్చి బెంచీ మీద కూచుంది.

"నిన్నేనే ముసలీ! ఇదిగో వీడే, ఇక్కడే ఉన్నాడని చెయ్యూపుతున్నావా?"

మా దగ్గర అలా జరుగుతుంది. ముక్కూమొహం తెలియని మనిషిని పంపుతారు. నాలుగు రోజులు మంచిగా మెలిగి, చేతి సైగతో మనిషిని పట్టిస్తారు. పోయినేడు పక్క భవనంలో ఒకణ్ణి అలాగే పట్టించారు. అందుకే నేనూ నమ్మాను.

"ఇంక నా బిడ్డని ముట్టుకోకండి" అన్నాను.

"తల్లీ, నేనిక్కడ కూచుంటే..."

"వెళ్ళండి ముందు!"

సంచీ తీసుకుంది. రెండడుగులు వేసి ఆగింది.

"నేను రాని రోజు మీరు కిందికి దిగకండి బాబూ. ఇంట్లోనే ఉండండి."

"విన్నావా? బెదిరిస్తోంది!" అన్నాడు డెవాంటే నాతో.

మూడోనాడు మధ్యాహ్నం మేం ముగ్గురం బెంచీ దగ్గరుండగా అదే కారు వచ్చింది.

కైరో ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. డెవాంటే వాడి మీద బోర్లా పడి ఉన్నాడు. లేపితే లేవలేదు.

ఆదివారానికల్లా రికో పాట వచ్చింది. పల్లవి అదే. పేరొక్కటే మారింది. పార్కులో పిల్లలకి కొత్తగా నేర్చుకునే పని కూడా లేకపోయింది.

తర్వాతి వారం డిటెక్టివ్ వచ్చి, మా గుమ్మం మీది కెమెరాలో పడ్డ బొమ్మలు చూపించాడు.

"ఈ కారు జూన్ నుంచి నాలుగుసార్లు వచ్చి తిరిగి వెళ్ళిందమ్మా. నాలుగుసార్లూ ఈవిడే లేచి అడ్డం నిలబడింది. నీకు తెలీదూ?"

తెలీదు. మిగతా మూడుసార్లూ నేను ఫోను చూసుకుంటున్నాను.

"ఆవిడ అడ్డం నిలబడితే వాళ్ళెందుకు ఆగారు సార్?"

"ఆ కారులో వాళ్ళంతా చిన్నప్పట్నుంచీ ఆవిడ ఇంట్లో తిని పెరిగారు. ఆవిడ చూస్తుండగా తుపాకీ ఎలా తీస్తారు?"

ఆవిడ ఎవరో అప్పుడు చెప్పాడు.

రెండు వారాలుగా ఆవిడ తలుపు తియ్యడం లేదట. నిన్న కైరోని చంకనేసుకుని అవెన్యూ దాకా వెళ్ళాను. సిగ్నలు మూడుసార్లు మారింది. దాటలేక తిరిగొచ్చాను.

మీలో ఎవరైనా అవతలి వైపు వెళితే, చర్చి పక్క భవనం ఆరో అంతస్తు, మెట్లకి ఎడమవైపు తలుపు తట్టి, మిస్ ఓడెల్ ఇంత తిన్నదో లేదో ఒక్కసారి చూసి రండి. ఆవిడ ట్రేవ్ వాళ్ళమ్మ.