అటేడు తరాలు

పెళ్లి కుదుర్చుకునే ముందు అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడమన్నారు పెద్దలు. కొడుకు సంబంధం దగ్గరికొచ్చేసరికి నీలకంఠానికి అటువైపు ఏడే గుర్తున్నాయి. కాబోయే కోడలు హిమబిందు తల్లి రొమ్ము కేన్సర్‌తో పోయిందని తెలిసి, ఉక్కునగరం నుంచి పనిగట్టుకుని వచ్చి ఆ పిల్లను జన్యు పరీక్షకు తీసుకెళ్లాడు.

"ఇది రగతంలో దిగొచ్చే జబ్బమ్మా. దాసి పెళ్లి సేత్తే మోసమైపోద్ది."

"నిజమే మావయ్యా. అయితే మీరూ ఇచ్చీండి రగతం," అంది హిమబిందు.

"మగోడి రగతంలో రొమ్ము కేన్సరేటమ్మా!" అని నవ్వుతూనే చెయ్యి చాపాడు.

రిపోర్టులు వచ్చిన రోజు డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. కేన్సర్ ముప్పు పెంచే ఆ జన్యు మార్పు హిమబిందులో లేదు. నీలకంఠంలో ఉంది.

"మీ వైపు ఆడవాళ్లలో ఎవరికైనా వచ్చిందా?"

"మా సెల్లి రొమ్ములో గడ్డొచ్చి పోయింది. దిష్టి అనుకున్నాం."

"మీ పిల్లలిద్దరికీ ఇది దిగి ఉండొచ్చు. ముందు మీ అమ్మాయిని తీసుకురండి. ఇప్పుడే తెలిస్తే కాపాడుకోవచ్చు."

బయటికి రాగానే హిమబిందు అంది: "ఈవేళే ఒదినకి ఫోన్ సెయ్యండి మావయ్యా."

నీలకంఠం అటూ ఇటూ చూసి చేతులు జోడించాడు.

"వద్దమ్మా, నీకు దండం పెడతాను. దాని అత్తోరికి తెలిస్తే ఇంకేటైనా ఉందా? ఆళ్లు మంచోళ్లు కాదు. కోడలి ఏడు తరాలూ తవ్వే రకం."