కాగితాల్లేని పిల్లి

"అమ్మా, ఒక్కసారి వీణ్ణి చూస్తారా?"

పిల్లుల పోటీ హాల్లో, ఆరో నంబరు బోను ముందు, మూత బుట్ట పట్టుకుని ఒక పెద్దాయన నిలబడ్డాడు. బయటి వానకి చొక్కా భుజాలు తడిసి ఉన్నాయి. మెడలో తాడుకి ఒక ఈల.

ఏ బడిలోనో డ్రిల్లు మాస్టారు అయ్యుంటాడనుకుంది ఆమె.

ఇంకో పావుగంటలో జడ్జి పిలుస్తుంది. బోనులోని తన ఆడపిల్లి దొరసానిని దువ్వడం ఇంకా సగంలోనే ఉంది. చెయ్యి లాగేస్తోంది.

ఇరవై రెండేళ్లుగా ఇదే చాకిరీ. ఇసుక ట్రేలు కడగడం, కళ్లు తుడవడం, గోళ్లు కత్తిరించడం. ఇది ఉంగరాల బొచ్చు జాతి. లోకమంతా గాలించినా వందకి మించి దొరకవు. ఉన్నవన్నీ ఒకదానికొకటి దగ్గర చుట్టాలే. అయినవాళ్లతోనే జతకట్టించి, జతకట్టించి, జాతిలో సత్తువ చచ్చిపోయింది. గత మూడు కాన్పుల్లో ఒక్క కూనా బతకలేదు.

దూరపు రక్తమున్న మగపిల్లి ఒక్కటి దొరికితే చాలు. దాని కోసం ఆమె అడగని మనిషి లేడు. దొరక్కపోతే ఈ వంశం దొరసానితోనే ఆఖరు.

"బుట్ట దూరంగా పెట్టండి. బయటి పిల్లులతో జబ్బులొస్తాయి."

ఆయన గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు.

"తప్పయిపోయిందమ్మా. మీరైతే చూడగానే చెప్పేస్తారని..."

"కాగితాలున్నాయా?"

"ఏం కాగితాలమ్మా?"

"వంశవృక్షం. తల్లెవరు, తండ్రెవరు, తాతలెవరు."

"అలాంటివేం లేవు. వీడి అమ్మ, అమ్మమ్మ, వాళ్లమ్మ, అందరూ మా ఇంట్లోనే పుట్టారు."

ఆమెకి నవ్వొచ్చింది కానీ నవ్వే ఓపిక లేదు. ప్రతి పోటీకీ ఇలాంటివాళ్లు పదిమంది వస్తారు. కాకిపిల్ల కాకికి ముద్దు.

మూత సందులోంచి బూడిదరంగు వీపు కొంచెమే కనబడింది. బొచ్చు వంకర్లు తిరిగి ఉంది.

"వానలో తడిపేశారా, పాపం?"

"తడవనివ్వలేదమ్మా. వాడి బొచ్చే అంత."

"దువ్వకపోతే అంతే అవుతుంది."

ఆయన నొచ్చుకోలేదు. నసుగుతూ అన్నాడు.

"మధ్యాహ్నం డాక్టరు దగ్గర వీడికి ఆపరేషన్. ఇంక పిల్లలు పుట్టరట. మా అమ్మాయి పోరు పడలేక సరే అన్నాను. కానీ మనసొప్పక, ముందు మీకొక మాట చెబుదామని..."

ఈ ఒక్క విషయంలో ఆమె ఆలోచించదు. కాగితాల్లేని పిల్లికి ఇరవై రెండేళ్లుగా ఆమె దగ్గర ఒకటే మందు.

"చేయించెయ్యండి బాబాయిగారూ. దిక్కులేని కూనల్ని పుట్టించి ఏం చేస్తారు?"

పెద్దాయన బుట్ట మూత సరిగ్గా నొక్కాడు.

"మీరే అన్నాక ఇంకేముందమ్మా."

వెళ్తూ వెళ్తూ దొరసాని దగ్గర ఆగి, "అచ్చం మా ఇంటి ముసలి పిల్లే," అన్నాడు.

ఆ మాటా ఆమె ప్రతి పోటీలోనూ వినేదే.

కప్పు దొరసానికే వచ్చింది. ఆమె కుర్చీలో కూలబడింది. ఇంట్లో కప్పులు పెట్టడానికి చోటు లేదు, ఆడుకోవడానికి ఒక్క కూన లేదు.

సాయంత్రం బోన్లు విప్పేస్తుంటే జడ్జి నవ్వుకుంటూ వచ్చింది.

"ఇప్పుడు మాట్లాడొచ్చు మనం. మగపిల్లి నచ్చిందా?"

"ఏ మగపిల్లి?"

"అదేంటి? పొద్దున గేటు దగ్గర బుట్టతో ఒకాయన కనిపిస్తే నేనే మీ దగ్గరికి పంపాను. తీర్పు అయ్యేదాకా నేను మీతో మాట్లాడకూడదు కదా, లేకపోతే చెయ్యిపట్టుకుని తీసుకొచ్చేదాన్ని. మెడలో ఈల ఉంటుంది చూడండి, ఆయన."

ఆమె చేతిలో దువ్వెన ఆగిపోయింది. గోడ గడియారం అయిదు దాటింది.

"నేనే... ఆపరేషన్ చేయించెయ్యమన్నాను."

జడ్జి ముఖంలో నవ్వు పోయింది.

"అయ్యో."

"ఎవరండీ ఆయన?"

జడ్జి బోనుకి అంటించిన దొరసాని వంశవృక్షంలో, ఆరు తరాల పేర్లన్నిటికీ పైన, ఆమె వేలసార్లు చూసీ ఏనాడూ పట్టించుకోని మొదటి వరస మీద వేలు పెట్టింది: "మూల తల్లి – పాత మిల్లు వాచ్‌మన్ ఇంటి పిల్లి."