గిజిగాళ్ళ పాతపేట

వాగుమీదికి వంగిన తుమ్మచెట్టుకి గిజిగాళ్ళ పాతపేట వేలాడుతుండేది. లోపల తడిమట్టి మెత్తితేగాని అక్కడ గూడు గూడు కాదు. మెత్తకపోతే ఓ ముసలి గిజిగాడు ఊరుకునేవాడు కాదు. అందుకని కుర్రకారు ఆయన్ని మట్టితాత అని ఎగతాళి చేసేవారు. ఆ మాట తాత మరిచిపోలేదు.

ఒకనాడు ఆ కుర్రకారులో తురాయి అనేవాడు తాత దగ్గరికి వచ్చాడు. "తాతా, ఈ పాతగూళ్ళన్నీ పీకేసి, ఆ పీచుతో ఒకదాని కింద ఒకటి ఏడంతస్తులు కడతా."

"ముందు నీ పీచుతో కట్టి చూపించు. గాలికి నిలిస్తే నా గూడు నేనే పీకి ఇస్తా."

తురాయి ఈతాకులు చీల్చుకొచ్చి పక్క కొమ్మకి ఏడంతస్తులూ కట్టాడు. మట్టి మాత్రం ముట్టలేదు. "బరువు దండగ!" అన్నాడు.

పడమటిగాలి లేచింది. ఏడంతస్తులూ బొంగరంలా తిరిగాయి. తురాయి పెళ్ళాంతో సహా వచ్చి తాతగూట్లో దూరాడు. ఆ గూడు ఊగింది గాని తిరగలేదు.

"బరువుంటేనే గూడు గాలి మాట వినదురా. మొన్న నన్నేమన్నావు? మళ్ళీ అను."

"మట్టితాత."

"ఆఁ, ఇప్పుడు బాగుంది. పద వాగుకి!"

పేటంతా ముక్కులతో మట్టి మోసింది. ప్రతి అంతస్తుకీ తాత దగ్గరుండి మెత్తించాడు. మళ్ళీ గాలి వచ్చింది. పాతపేటా నిలిచింది, ఏడంతస్తులూ నిలిచాయి.

పై అంతస్తులో మొదట కాలు పెట్టిందెవరనుకున్నారు? మట్టితాతే!