ఎడమచేతి పాఠం

మా కన్యాస్త్రీల మఠంలో పాట నేర్పేది ఇమిల్దా అమ్మ. ఆవిడ పాడాలి, మేం విని బట్టీ పట్టాలి. ఒక్కో పాటకు నెలలు పట్టేది.

రెండేళ్ల కిందట నేను పట్నంలో కొత్త పద్ధతి నేర్చుకొచ్చాను. ఎడమచేతి వేళ్లలో కణుపుకో స్వరం. ఏ కణుపు ముట్టుకుంటే ఆ స్వరం పాడాలి.

ఆవిడకు అది రోజూ వేళాకోళమే. నా చేయి పట్టుకుని, "ఏమే, ఈ కణుపులో ఏం దాచావు? మరి ఇందులో?" అని పొడిచేది. నేను ఉక్రోషంగా పాడి చూపించేదాన్ని. "గొంతు పోయినవాళ్లకు పనికొస్తుందిలే" అని నవ్వేది.

మఠం పండుగ వారం ఉందనగా పక్షవాతం వచ్చి ఆవిడకు మాట పడిపోయింది. పండుగ పాట ఏటా ఆవిడ ఒక్కతే పాడేది, ఎవరికీ నేర్పలేదు. మాటలు పుస్తకంలో ఉన్నాయి, రాగం మాత్రం ఆవిడ గొంతులోనే ఉండిపోయింది.

మంచం పక్కన కూర్చుని ఏడుస్తుంటే, ఆవిడ నా ఎడమచేయి లాక్కుంది. ఒక్కో కణుపూ ముట్టుకుంటూ పోయింది. నేను పాడుకుంటూ పోయాను. రాగమంతా వచ్చేసింది.

"అంటే రెండేళ్లుగా నా దగ్గర నేర్చుకుంటున్నారా అమ్మా?" అని మురిసిపోతూ అడిగాను.

ఆవిడ సగం నోటితో నవ్వి, ఒక కణుపు మీద రెండుసార్లు పొడిచింది. అక్కడ తప్పు పాడానట.