వినికిడి పరీక్ష

"ఈసారి కూడా సాయం చేశావంటే ఇక ఇంటికే, వేడ్," అంది ప్రొఫెసర్ టాలెఫ్‌సన్. "అక్టోబర్లో ఏం చేశావో గుర్తుందిగా?"

వేడ్ కివెలాకి బాగానే గుర్తుంది. ఆకలేస్తోందన్న పిల్లకి జేబులోంచి చాక్లెట్ తీసిచ్చాడు. ఫెయిల్ చేశారు.

"ఆ అమ్మాయి నాటక విభాగం నుంచి వచ్చిందనీ, నటిస్తోందనీ మర్చిపోయాను మేడమ్. మొహం చూస్తే నిజంగానే..."

"నటనైనా నిజమైనా పద్ధతి ఒకటే. పిల్ల చెప్పింది వినాలి. విన్నదాన్ని తిరిగి ఆ పిల్లకే అప్పజెప్పాలి. తిండి పెట్టడం, ఫోన్లు చేయడం మన పని కాదు. దారి వాళ్లలోనే ఉంటుంది. పదిహేను నిమిషాలు. నేనూ ప్రొఫెసర్ ప్రెంటిసూ ఆ ఒకవైపు అద్దం వెనకాల నుంచి చూస్తుంటాం."

నలభై ఒక్కేళ్ల వయసులో, వ్యాయామం టీచర్ ఉద్యోగం వదిలి, స్కూలు కౌన్సెలర్ కావాలని రెండేళ్లుగా ఎమ్మే చదువుతున్నాడు వేడ్. మిగిలింది ఈ ఒక్క పరీక్షే. రెండోసారి తప్పితే మూడో అవకాశం లేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పుస్తకంలో చెప్పినట్టు కొంచెం ముందుకు వంగి కూర్చున్నాడు.

తలుపు సగం తెరుచుకుంది. పదహారేళ్ల పిల్ల. అమెరికాలోని డులూత్‌లో జనవరి చలి, అయినా కాళ్లకి గుడ్డ బూట్లు. అవి నానిపోయి ఉన్నాయి.

"తలుపు మీద కౌన్సెలింగ్ అని రాసుంది, ఇక్కడేనా?"

"ఇక్కడే. రా, కూర్చో. నీ పేరు?"

"కెల్సీ. సార్, అమ్మతో ఉంటున్నాయన నా బట్టలన్నీ చెత్త సంచిలో కుక్కి వాకిట్లో పడేశాడు. రెండు రాత్రుల నుంచి, రాత్రంతా తెరిచుండే లాండ్రీ షాపులో పడుకుంటున్నా. ఇవాళ్టి నుంచి రావద్దన్నారు."

వేడ్ ఇంకొంచెం ముందుకు వంగాడు.

"నిన్ను కాదన్నారని నీకు బాధగా ఉంది," అన్నాడు.

కెల్సీ అతని వైపు అదోలా చూసింది. "అవును. మా స్కూలు కౌన్సెలర్ దగ్గరికి వెళ్లా. ఆవిడ ఒక్కరికే మేం నాలుగొందల ఎనభై మంది పిల్లలం. మార్చి ఏడున రమ్మంది."

అద్దం వెనక ప్రొఫెసర్ ప్రెంటిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "భలే రాశారు ఈ మాట!"

"నీ మాట వినేవాళ్లు లేరనిపిస్తోంది," అన్నాడు వేడ్.

"విన్నారు సార్. వినే మార్చి అన్నారు." పిల్ల చేతులు చంకల్లో పెట్టుకుంది. "ఇవాళ రాత్రికి ఎక్కడ పడుకోవాలో చెప్పండి చాలు. నా ఫోను అమ్మ కట్ చేయించేసింది. ఎవరికైనా మీరు ఒక్క ఫోన్ చేస్తారా?"

వేడ్ చెయ్యి జేబు దాకా వెళ్లింది. అద్దంలో తన మొహం తనకే కనిపించింది. దాని వెనక ఇద్దరు, వాళ్ల చేతుల్లో రెండు పెన్నులు. నటనే కదా, అనుకున్నాడు. చెయ్యి మళ్లీ మోకాలి మీదికి వచ్చింది.

"ఇవాళ్టి రాత్రి గురించి నీకు ఆందోళనగా ఉంది."

"ఆందోళన కాదు సార్. చలి."

"చలిగా ఉందంటున్నావు."

"ఎన్నిసార్లు చెప్పాలి?" కెల్సీ ఏడ్చేసింది. ముక్కు చొక్కా చేతికి తుడుచుకుంది.

టిష్యూ పెట్టె వేడ్ పక్కనే ఉంది. టిష్యూ అందిస్తే ఏడుపు ఆపమన్నట్టు అవుతుందని పుస్తకంలో ఉంది. అందించలేదు. తల మాత్రం నెమ్మదిగా మూడుసార్లు ఊపాడు.

"ఇంత దూరం వచ్చి చెప్పుకున్నావు. అది ధైర్యం. ఈ దారి నీలోంచే వచ్చింది. తర్వాతి దారి కూడా నీలోనే ఉంటుంది."

"నాలోనా? నాలో ఏముంది సార్, పొద్దున తిన్న సగం డోనట్ తప్ప?"

అద్దం మీద టక్ టక్ మని చప్పుడైంది. పదిహేను నిమిషాలు.

"మన సమయం అయిపోయింది, కెల్సీ."

"అంతేనా?"

"నీకు మళ్లీ మాట్లాడాలనిపిస్తే ఈ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది," అన్నాడు వేడ్. అదీ పుస్తకంలోదే.

ఆ పిల్ల ఇంకేం అడగలేదు. టోపీ తలమీదికి లాక్కుని బయటికి నడిచింది. తలుపు దానంతటదే మూసుకుంది.

అవతలి తలుపు తోసుకుని ఇద్దరు ప్రొఫెసర్లూ వచ్చారు. టాలెఫ్‌సన్ వేడ్ రెండు భుజాలూ పట్టుకుని ఊపింది. "నువ్వేనా అసలు! ఆ ఫోన్ దగ్గర ఆగావు చూడు, అక్కడే గెలిచావు. యాభైకి యాభై!"

"ఆ పిల్లకి వందకి వంద ఇవ్వాలి," అన్నాడు ప్రెంటిస్. "పెదాలు నీలంగా పెట్టుకుని వచ్చింది. ఎలా చేశారో ఆ మేకప్!"

వేడ్ మొహం విచ్చుకుంది. రెండేళ్ల బరువు దిగిపోయినట్టుంది. "నిజం చెప్పొద్దూ మేడమ్, ఒక్క క్షణం మళ్లీ మోసపోయేవాణ్ణే."

"అందుకే పద్ధతి అన్నది," అంటూ టాలెఫ్‌సన్ కాగితం మీద సంతకం గీకింది.

తలుపు మీద ఎవరో గబగబా కొట్టారు. రెండు జడలు వేసుకుని, వీపున స్కూలు బ్యాగుతో, ఓ ఇరవై రెండేళ్ల అమ్మాయి రొప్పుతూ లోపలికి తొంగి చూసింది.

"సారీ అండీ, నాటక విభాగం నుంచి వస్తున్నా, బస్సు మంచులో ఇరుక్కుపోయింది. కష్టాల్లో ఉన్న పిల్లగా నటించాల్సింది ఈ గదిలోనేనా?"